లింగన్ పండును పండుగానే పంపండి: స్వీడన్ రాయబారి గారికి బహిరంగ లేఖ

న్యూఢిల్లీలోని స్వీడన్ రాయబారి గారికి,

సెప్టెంబరు నెలలో మీ అడవుల్లో ఎక్కడ అడుగు వేసినా కాలికింద పడేంత విరివిగా కాసే లింగన్ పండు నాకు ఏడాదికి రెండు కిలోలు కావాలి. పంచదార కలపనిది, జామ్ చేయనిది, పొడి కొట్టనిది. హైదరాబాద్‌లో నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు. రెండు కిలోల పండు కోసం ఒక దేశపు రాయబారికి ఉత్తరం రాయవచ్చా అని చాలా రోజులు వెనకాడాను. ఇది నా ఒక్కదాని వంటింటి సంగతి కాదని, మీ దేశం తన అడవి పండును బయటివాళ్ళకి ఏ రూపంలో అందిస్తోందన్న సంగతి అని తోచాక ధైర్యం చేశాను.

మాది గుంటూరు జిల్లా. మావారి ఉద్యోగం వల్ల 2009 నుంచి 2016 దాకా మీ దేశంలోని ఉమెయోలో ఉన్నాం. వీధి వీధికీ బర్చ్ చెట్లున్న ఆ ఊరు మీకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు. మొదటి చలికాలంలో చీకటిని ఎలాగో ఓర్చుకున్నాను గానీ నోటికి పులుపు లేకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. గోంగూర లేదు, చింతచిగురు లేదు, పప్పులోకి మామిడికాయ లేదు. ఆసియా సరుకుల కొట్లో చింతపండు దొరికేది. నల్లగా, గట్టిగా అచ్చుపోసిన ఇటుకలా ఉండేది. నానేస్తే పులుపు దిగేది కానీ మా ఇంటి కొత్త చింతపండు వాసన దానికి లేదు. పండుమిరప కాయల కోసం నేను పడ్డ పాట్లు వేరే. విమానం ఎక్కి వచ్చిన చిన్న చిన్న ఎర్ర కాయల్ని వంద గ్రాముల లెక్కన కొనుక్కుని, వారానికి పది కాయలని పంచుకుని వాడేదాన్ని.

మా పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉండేవారు. ఒక సెప్టెంబరు ఆదివారం పొద్దున్నే తలుపు తట్టి, నాకు సరిపోయే రబ్బరు బూట్లు, ఒక బకెట్టు, అంచుకి దువ్వెనలా పళ్ళున్న ఒక డబ్బా చేతిలో పెట్టి, కారెక్కమన్నారు. ఊరు దాటి అరగంట వెళ్ళాక దారి పక్కన బండి ఆపి పైన్ చెట్ల మధ్యలోకి నడిచాం. ఈ అడవి ఎవరిదని అడిగాను. తెలియదన్నారు. కంచె లేదు, కాపలా లేదు. పరాయివాళ్ళ చేలో చెయ్యి పెట్టడమంటే మా ఊళ్ళో పెద్ద గొడవ. నేను అక్కడే నిలబడిపోయాను. ఆవిడ నా భయం కనిపెట్టి, మీ అల్లెమాన్స్‌రెట్టెన్ గురించి చెప్పారు. ఇంటి పెరడు కాకపోతే, పంట చేను కాకపోతే, ఎవరి అడవిలోనైనా ఎవరైనా తిరగవచ్చు, అడవి పండ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, దేన్నీ పాడు చేయకూడదు. అంతే. 1994లో దీన్ని మీ రాజ్యాంగంలోకి కూడా ఎక్కించారని తర్వాత తెలిసింది. సొంతానికి ఏరిన పండ్లు అమ్ముకుంటే ఏడాదికి 12,500 క్రోనార్ల దాకా పన్ను కూడా లేదట. మా దగ్గర అడవి ఫలసాయం మీద గిరిజనుల హక్కును చట్టంలో రాసుకోవడానికి 2006 దాకా పట్టింది. మీ అడవిలో నేను, వీసా మీద వచ్చిన పరదేశిని, ఎవర్నీ అడక్కుండా వంగి పండు కోశాను. ఆ మర్యాదను నేను మరిచిపోలేదు. ఈ ఉత్తరం రాసే చనువు కూడా అక్కడినుంచే వచ్చింది.

చీలమండ ఎత్తు మొక్క. చిన్న చిన్న ఆకులు నూనె రాసినట్టు మెరుస్తుంటాయి, చలికాలంలోనూ రాలవు. కొమ్మ చివర గుత్తిగా ఎర్రటి పండ్లు, మా మిరియపు గింజకి రెట్టింపు ఉంటాయేమో. ఒకటి నోట్లో వేసుకుని కొరికాను. ముందు పులుపు, వెంటనే వగరు, చివర్లో కొంచెం చేదు. నాకు వెంటనే వాక్కాయ గుర్తుకొచ్చింది. ఆ చెట్ల మధ్య, అన్నేళ్ళ తర్వాత, నోట్లో నీళ్ళూరాయి. బకెట్టు నిండేదాకా నడుం ఎత్తలేదు.

పసుపు నారింజ రంగులో ఉండే యూర్ట్రోన్ పండు మాత్రం ఆవిడ నాకు తన చేత్తో తెచ్చి ఇచ్చారే గానీ అది కాసే చిత్తడి నేల ఎక్కడుందో చెప్పలేదు. కన్నపిల్లలకే చెప్పరట. నాకు అది తప్పుగా తోచలేదు. మా ఊళ్ళో తొలకరికి పుట్టగొడుగులు లేచే పుట్ట ఎక్కడుందో ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

ఇంటికొచ్చాక ఆవిడ లింగన్‌ని రెండు రకాలుగా దాచారు. ఒకటి రోరోర్డా లింగన్: పొయ్యి వెలిగించకుండా, పచ్చి పండ్లలో పంచదార వేసి కరిగేదాకా కలపడం. రెండోది చూసి నేను నమ్మలేకపోయాను. పండ్లు కడిగి, శుభ్రమైన సీసాలో పోసి, పైన చన్నీళ్ళు నింపి మూత పెట్టేశారు. ఉప్పు లేదు, పంచదార లేదు, నూనె లేదు. అది వట్‌లింగన్. వచ్చే ఎండాకాలం దాకా అలాగే ఉంటుందన్నారు. ఊరగాయ చెడిపోకుండా ఉప్పు, నూనె, ఆవపిండి, ఎండ అన్నీ కావాలని నేర్చుకుని పెరిగినదాన్ని నేను. వట్టి నీళ్ళలో పండు ఎలా నిలుస్తుంది?

దాని జవాబు నా మొదటి కారం పాడైనప్పుడు దొరికింది. మాకు కొరివి కారం అని ఒకటుంది. మాఘ మాసంలో చేలో కాయ పండి ఇంకా ఎండకముందు, ఎర్రటి పండుమిరప కాయలు తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, ముచ్చికలు తీసి, చింతపండు, ఉప్పు వేసి రోట్లో తొక్కి జాడీకెత్తుతాం. మూడో రోజు తీసి మళ్ళీ రుబ్బుతాం. ఉమెయోలో చింతపండు బదులు లింగన్ వేస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. కొరివి కారంలో కిలో కాయకి పావుకిలో ఉప్పు పడుతుంది. అంత ఉప్పులో ఏదీ పొంగదు. నాకు అన్నంలోకే కాకుండా రొట్టెలోకీ ఉడకబెట్టిన బంగాళాదుంపలోకీ చుక్కలు చుక్కలుగా వేసుకునే పల్చటి సాస్ కావాలి. అందుకని ఉప్పు కిలోకి 40 గ్రాములకి దించి, కాయలు, లింగన్ కలిపి రుబ్బి సీసాలో పెట్టాను. ఇడ్లీ పిండిలా రెండు రోజుల్లో పొంగాలి. పది రోజులైనా ఒక్క బుడగ రాలేదు. పైన బూజూ పట్టలేదు, లోపల పులవనూ లేదు. రుచి చూస్తే కారం ఒక పక్క, పులుపు ఒక పక్క.

ఆ పండులో పుట్టుకతోనే బెంజోయిక్ ఆమ్లం ఉందని అప్పుడు తెలుసుకున్నాను. కిలో పండ్లలో అర గ్రాము నుంచి గ్రాము పైదాకా ఉంటుంది. బూజునీ, ఈస్టునీ పెరగనివ్వదు, మంచి చేసే సూక్ష్మజీవుల్ని కూడా నెమ్మది చేస్తుంది. బజారు సాసుల సీసాల వెనక చిన్న అక్షరాల్లో ఉండే సోడియం బెంజోయేట్ ఈ కుటుంబానిదే. ఇంకా దగ్గరి చుట్టరికం చెప్పాలంటే, ఈ ఆమ్లానికి పేరు బెంజాయిన్ బంక నుంచి వచ్చింది. బెంజాయిన్ అంటే మా ఇళ్ళలో పసిపిల్లల తలకి పొగ వేసే సాంబ్రాణి. వట్టినీళ్ళలో లింగన్ చెడకుండా ఉండటానికి కారణం తన సాంబ్రాణిని తనే మోసుకు తిరగడం.

అది తెలిశాక పద్ధతి మార్చాను. ముందు కాయలు, ఉప్పు మాత్రమే. మూత వదులుగా పెట్టి, రోజూ కలుపుతూ ఏడెనిమిది రోజులు పొంగనిస్తాను. పొంగు తగ్గి మంచి పులుపు వాసన వచ్చాక, కిలో కాయకి 400 గ్రాముల లింగన్ వేసి కలిపి రుబ్బి, పల్చటి గుడ్డలో వడకట్టి సీసాల్లో పోస్తాను. లింగన్ వచ్చి ఆ పులియడాన్ని ఆపి, తన పులుపుతో కట్టేస్తుంది. ఆమ్లం కొలిచే కాగితం పెట్టి చూస్తే పీహెచ్ మూడున్నర దగ్గర ఉంటుంది. ప్రమాదకరమైన బొటులిజం క్రిమి 4.6 కంటే తక్కువ పీహెచ్‌లో పెరగదు గనక నాకు బెంగ లేదు. వెనిగర్ చుక్క పడదు, నూనె పడదు. రంగు కుంకుమ. నాలుక మీద మొదట పండు, తర్వాత కాయ, ఆ తర్వాత మీ అడవి చేదు. మా ఇంట్లో దాని పేరు లింగన్ కారం. ఉమెయోలో ఉన్నన్నాళ్ళూ ఏటా నాలుగు సీసాలు చేశాను. పక్కింటావిడ దాన్ని హెరింగ్ చేపలోకి వేసుకునేవారు.

రాయబారి గారూ, లింగన్‌నీ మా కారపు సరుకుల్నీ ఒకచోట చేర్చడం ఇవాళ నేను కొత్తగా చేసింది కాదు. మీ లిన్నేయస్ 1753లో స్టాక్‌హోంలో అచ్చువేసిన స్పీషీస్ ప్లాంటారమ్ గ్రంథంలో లింగన్ ఉంది, మిరప ఉంది, చింత ఉంది. మూడింటికీ ఇవాళ శాస్త్రం వాడే పేర్లు ఆ ఒక్క పుస్తకం పెట్టినవే. చింతపండులో పులుపైన టార్టారిక్ ఆమ్లాన్ని 1769లో మొదట విడదీసింది కూడా మీ దేశంలో మందుల దుకాణంలో పనిచేసిన షీలే. నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లాన్ని 1784లోనూ, ఆపిల్‌లో మాలిక్ ఆమ్లాన్ని ఆ మరుసటి ఏడూ ఆయనే తీశాడు. ప్రపంచానికి పులుపు అంటే ఏమిటో విడమరిచి చెప్పిన దేశం మీది. అలాంటి దేశం తన పుల్లటి పండును మాకు తీపి జామ్‌గా మాత్రమే చూపిస్తే నాకు మనసుకి కష్టంగా ఉంటుంది.

2016లో తిరిగొచ్చాం. ఉమెయోలో చేతినిండా లింగన్ ఉండేది, కాయ కోసం వెతికేదాన్ని. ఇక్కడ కాయకి కొదవ లేదు. లాం పరిశోధన కేంద్రంలో పుట్టిన 334 రకం పండుకాయల్ని మా అమ్మ గోనెసంచిలో వేసి బస్సుకి పంపిస్తుంది. పండే లేదు. మొదటి కొన్నేళ్ళు వచ్చేపోయే స్నేహితులు తెచ్చిన కొద్దిపాటి ఎండు పండ్లతో సరిపెట్టాను. తర్వాత అదీ ఆగిపోయింది.

లింగన్ అనే మాట హైదరాబాద్ చెవిన పడిందంటే అది 2018 ఆగస్టులో ఇక్కడ తెరిచిన ఐకియా పుణ్యమే. భారతదేశంలో వాళ్ళ మొదటి దుకాణం మా ఊళ్ళో పెట్టడం వల్ల, మాంసం ఉండల పక్కన చెంచాడు ఎర్ర జామ్ వేసుకుని తిన్న పిల్లలు ఆ పేరు పలకడం నేర్చుకున్నారు. అది మంచిదే. కానీ జామ్‌తో కారం కుదరదు. నేను ప్రయత్నించాను. పొంగిన మిరప ముద్దలో జామ్ కలిపితే అందులోని పంచదార సూక్ష్మజీవులకి మళ్ళీ మేత అయింది. నాలుగో రోజు రాత్రి సీసా మూత ఎగిరి అలమర తలుపంతా ఎర్రబడింది. ముందే మరిగించి చల్లార్చి కలిపితే తియ్యటి, జిగురు సాస్ వచ్చింది. ఆ తీపి సాస్ కోసం లింగన్ అక్కర్లేదు.

ఒక ఆన్‌లైన్ దుకాణంలో లింగన్ పండ్లు అని రాసి, ఎర్రటి బొమ్మ వేసి ఉంటే అర కిలో తెప్పించాను. విప్పితే పంచదార పాకంలో ఊరిన ఎండు క్రాన్‌బెర్రీలు. ఇంకోచోట గడ్డకట్టించిన పండ్లన్నారు. మే నెల ఎండలో రెండు రోజులు తిరిగి, ఎర్రనీళ్ళు కారుతున్న సంచిగా గుమ్మం ముందుకొచ్చింది. మంచుతో ఆరబెట్టి చేసిన లింగన్ పొడి ఒకసారి దొరికింది. రంగు బాగుంది, పులుపు ఉంది, పండు తోలు పళ్ళకి తగిలే ఆ వగరు లేదు. ధర చూస్తే సీసాడు కారానికి ఇంటి వారం ఖర్చు.

వాక్కాయతో చెయ్యమని మా అత్తగారు అన్నారు. చేశాను. శ్రావణ భాద్రపదాల్లో వాక్కాయ దొరికినన్నాళ్ళూ కోసి, గింజ తీసి, పాలు పోయేదాకా ఉప్పునీళ్ళలో కడిగి, దాచిన పండుమిరప ముద్దలో కలిపాను. చాలా బాగుంది. అయితే అది వాక్కాయ కారం. దాని గొప్ప దానిది, లింగన్‌కి బదులుగా దాన్ని నిలబెట్టి చిన్నబుచ్చడం నాకిష్టం లేదు. అన్నిటికంటే దగ్గరగా వచ్చింది పంచదార కలపని క్రాన్‌బెర్రీ. అదీ ఈ జాతిదే, దానిలోనూ బెంజోయిక్ ఆమ్లం ఉంది, కారం నిలవ ఉంటుంది. పైన్ చెట్ల కింద నాచు మీద పండిన వాసన మాత్రం రాదు.

ఈ వెతుకులాటలో నేను తెలుసుకున్న ఒక సంగతి మీరు వినాలి. టొరంటోలో ఉన్న మా తమ్ముడికి లింగన్ దొరికింది, న్యూఫౌండ్‌లాండ్ నుంచి వచ్చే పార్ట్రిడ్జ్‌బెర్రీ పేరుతో. యూర్ట్రోన్ కూడా అక్కడ బేక్‌ఆపిల్ అనే పేరు మీద దొరుకుతుంది. డల్లాస్‌లో మా చిన్నాన్న కూతురికి దొరికింది, రష్యన్ల కొట్లో, బ్రుస్నికా అని అడిగితే. గడ్డకట్టించినవీ ఉన్నాయి, మీ వట్‌లింగన్ లాగే నీళ్ళలో నానబెట్టి సీసాకెత్తినవీ ఉన్నాయి. జర్మనీలో ఉన్నవాళ్ళు ప్రైసెల్‌బేరె అని అడగాలి, జపాన్‌లో కొకెమొమొ అనాలి. అలాస్కాలో ఇదే పండును లోబుష్ క్రాన్‌బెర్రీ అంటారు. ఇది చదివే తెలుగువాళ్ళు ఆయా ఊళ్ళలో ఉంటే ఈ పేర్లు రాసి పెట్టుకోండి, స్వీడన్ పేరుతో అడిగితే జామ్ సీసానే చేతికి వస్తుంది. లింగన్ ఉత్తరార్ధ గోళం అంతా చుట్టి ఉన్న మొక్క, మీ ఒక్కరి సొత్తు కాదని నాకు తెలుసు. కానీ దాన్ని అన్నంలా రోజూ తినే దేశం మీది. మీ దగ్గర రుచి మరిగినదాన్ని దాని కోసం వేరే దేశపు పేరు నేర్చుకోవలసి రావడం బాగాలేదు.

మీ మరో పుల్లటి పండు హావ్‌టూర్న్ సంగతిలో మాకు చిక్కు లేదు. ఆ నారింజ రంగు ముళ్ళ పండు మా లడఖ్‌లోనూ, హిమాచల్‌లోని లాహౌల్ స్పితి లోయల్లోనూ అడవి పండుగా కాస్తుంది. లేహ్‌లో మా రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగశాల దానితో పానీయం కూడా తయారు చేసింది. దాని గుజ్జు తెప్పించి పచ్చిమిర్చితో పచ్చటి సాస్ చేశాను. పంచదార లేకుండా గుజ్జు అమ్మడం లడఖ్‌కి సాధ్యమైనప్పుడు స్వీడన్‌కి ఎందుకు కాదని అప్పుడే అనిపించింది.

కాబట్టి నా విన్నపం. మీ రాయబార కార్యాలయంలో వాణిజ్య వ్యవహారాలు చూసేవాళ్ళు ఉంటారు. మీ అడవి పండ్ల కంపెనీలతో మాట్లాడి, పంచదార కలపని లింగన్‌ని అర కిలో పొట్లాల్లో ఇక్కడికి పంపించే ఏర్పాటు చేయించండి. ఆసియాకి దారి మీకు కొత్త కాదు. మీ బ్లోబేర్ పండ్లలో పెద్ద భాగం ఆరోగ్య ఉత్పత్తుల పరిశ్రమల కోసం ఆసియా దేశాలకి వెళుతూనే ఉంది. నూరేళ్ళకు పూర్వమే జర్మనీకి లింగన్ పెద్దయెత్తున అమ్మిన అనుభవం మీకుంది. గడ్డకట్టించి పంపడానికి ఓడనుంచి ఇంటిదాకా మైనస్ 18 డిగ్రీల కోల్డ్ చైన్ కావాలి, అది ఖర్చు అంటారా, మీ పక్కింటావిడల పద్ధతి ఉంది కదా. నీళ్ళలో పండ్లు వేసి, వేడిచేసి మూత బిగించిన సీసాలు పంపండి. ఉప్పు, పంచదార, నూనె ఏదీ లేకుండా నిలిచే పండు మీ అడవిలో ఉండగా దాన్ని పంచదారలో ముంచి పంపడం ఎందుకు? సెప్టెంబరులో మీరు కోసిన పండు నీళ్ళలో కూర్చుని ఫిబ్రవరిలో మా కాయ పండేదాకా ఎదురుచూడగలదు. రెండు పంటల మధ్య ఉన్న ఆ అయిదు నెలల ఎడం వట్‌లింగన్‌కి ఒక లెక్క కాదు.

ఈ పండు మా వంటకి పనికొస్తుందా అని మీ కంపెనీలు అనుమానపడవచ్చు. పులుపు కోసం చెట్టూ పుట్టా గాలించే జనం మేము. ఆకు పులుపు, కాయ పులుపు, చిగురు పులుపు, పువ్వు పులుపు, మజ్జిగ పులుపు వేరు వేరుగా గుర్తుపడతాం. పప్పులో ఒక పులుపు, చేపల పులుసులో ఒకటి, పచ్చడిలో ఒకటి. నిలవ పచ్చళ్ళు పట్టి అమ్మే మహిళా సంఘాలు మా రెండు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. వాళ్ళలో పదిమందికి తలా ఒక సీసా ఇచ్చి చూడండి. నేను ఏడేళ్ళలో కనిపెట్టింది వాళ్ళు ఒక్క సీజన్లో దాటిపోతారు.

ఇంకొక మాట చెప్పకుండా ఈ ఉత్తరం ముగిస్తే నేను అబద్ధం ఆడినట్టే. అడవిలో నేను సరదాగా కోసుకున్న పండు, కంపెనీల సంచుల్లోకి వెళ్ళే పండు ఒకే చేతులు కోసినవి కావు. ఆగస్టు తెల్లవారుజామున ఉమెయో బయటి రోడ్ల మీద వ్యాన్లు బారులు తీరి వెళ్ళేవి. వాటిలో ఉండేది థాయిలాండ్ నుంచి, ఎక్కువగా ఆ దేశపు ఈశాన్య జిల్లాల నుంచి వచ్చిన రైతులు. వరి నాట్లు వేసి, కోతలు వచ్చేలోగా రెండు మూడు నెలలు మీ అడవుల్లో పండ్లు ఏరడానికి వచ్చేవాళ్ళు. ఒకసారి దోవ పక్కన ఆగి అన్నం తింటున్న ఆడమనిషి పక్కన కూర్చున్నాను. ఆవిడ డబ్బాలో ముద్దన్నం, దాని పక్కన ఎర్రటి మిరప ముద్ద. నా సంచిలోని లింగన్ కారం తీసి ఆవిడకి పెట్టాను, తనది నాకు పెట్టింది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ వేళ్ళు గోళ్ళ దాకా ఊదారంగులో ఉన్నాయి, తోలు పగిలి ఉంది.

టికెట్టుకీ, తిండికీ, పడకకీ, బండి అద్దెకీ అప్పు చేసి వచ్చి, పండు సరిగ్గా కాయని ఏడు ఉత్త చేతులతో తిరిగి వెళ్ళినవాళ్ళు ఉన్నారని మీ దేశపు పత్రికలే రాశాయి. మీ పక్కదేశం ఫిన్లాండ్‌లో ఇలాంటి వ్యవహారాన్ని మనుషుల అక్రమ రవాణాగా తేల్చి కోర్టు శిక్ష కూడా వేసింది. దీన్ని నేను వేలెత్తి చూపడానికి రాయడం లేదు. నా జాడీలో రెండో సగం సంగతి నాకు తెలుసు కనక రాస్తున్నాను. మా గుంటూరు, పల్నాడు చేలలో మిరప కోతకి కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు వలస వస్తాయి. జనవరి రాగానే ఇంటికి తాళం వేసి, బడి మానిపించి పిల్లల్ని వెంటబెట్టుకుని లారీ ఎక్కుతారు. చేల గట్ల మీద పట్టాలతో వేసిన గుడిసెల్లో నెలల తరబడి ఉంటారు. రోజంతా కాయ కోసిన చేతులు రాత్రి మండి నిద్ర పట్టనివ్వవు. చిన్నప్పుడు మా నాన్న చేలో పనిచేసిన ఒక అమ్మాయి, నా ఈడుది, ఆ చేత్తో కన్ను నులుముకుని మధ్యాహ్నమంతా ఏడ్చింది. నేను అరుగు మీద కూర్చుని చూశాను.

అందువల్ల నేను అడిగే సీసా మీద మూడు ముక్కలు అదనంగా ఉండాలి. ఏ జిల్లా అడవిలో కోసింది, కోసినవాళ్ళకి కిలోకి ఎంత ముట్టింది. పండు కాయని ఏడు కూడా కనీస జీతం చేతికొస్తుందన్న హామీ ఆ కంపెనీ ఇచ్చిందా లేదా. మీ దేశంలో కూలి లెక్కలు కాగితం మీద ఉంటాయి గనక ఇది మీకు అసాధ్యం కాదు. విశాఖపట్నంలో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ ఒకటి నడుస్తోంది. ఏజెన్సీలో గిరిజనులు ఏరిన చింతపండు, తేనె, కుంకుడుకాయలు వాళ్ళ దగ్గరే కొని తన పేరు మీద అమ్ముతుంది. దానిలోనూ లోపాలుండవచ్చు, ధర చాలదని గిరిజనులు అడిగిన సందర్భాలూ ఉన్నాయి. అయినా ఆ పొట్లం కొనేటప్పుడు ఇది ఎవరి చేతి పంటో నాకు తెలుసు. మీ పొట్లం మీద కూడా అంత తెలిస్తే కిలోకి రెట్టింపు ఇస్తాను. మా వైపు కాయకి కూడా ఈ లెక్క నేను చెప్పాలని మీరు అంటే న్యాయమే. అమ్మ ఈ ఏడు ఎవరి చేత కోయించిందో, కూలి ఎంత ఇచ్చిందో కనుక్కుని నా సీసాల మీద రాయడం మొదలుపెట్టాను.

పక్కింటావిడ ఇప్పుడు లేరు. ఆవిడ కూతురు కిందటేడు రాసిన ఉత్తరంలో, అమ్మ యూర్ట్రోన్ కోసే చోటు తనకీ చెప్పకుండానే వెళ్ళిపోయిందని రాసింది. లింగన్ చోటు మాత్రం నాకు తెలుసు. ఊరు దాటి అరగంట, దారి ఎడమవైపు, రెండు పెద్ద బండరాళ్ళ వెనక. ఆ అమ్మాయికి బొమ్మ గీసి పంపాను.

ఈ ఏడు కాయ ఫిబ్రవరి రెండో వారానికి పండుతుందని అమ్మ చెప్పింది. మీరు పంపిన పండుతో పట్టే మొదటి కారంలో ఒక సీసా చాణక్యపురికి మీ కార్యాలయం చిరునామాకి పంపుతాను. వేడి అన్నంలో ముందు నెయ్యి వేసుకుని కలిపి, ఆ తర్వాత నాలుగు చుక్కలు వేసుకోండి. మీ వంటవారు ఉడకబెట్టిన బంగాళాదుంపతో పెట్టినా బాగుంటుంది, పక్కింటావిడ అలా కూడా తినేవారు.

ఇట్లు,
కూకట్‌పల్లి, హైదరాబాద్ నుంచి
ఏడేళ్ళు మీ అడవి పండు తిన్న ఒక గుంటూరు ఇల్లాలు